సాగరిక నాచు ద్రావణం: లావేరు మెట్ట కూరగాయల్లో వాడి చూశాక

శ్రీకాకుళం జిల్లా లావేరు, రణస్థలం ప్రాంతాల ఎర్ర గరప నేలల్లో కూరగాయలు పండించేవారికి సముద్రపు నాచు ద్రావణం ఇప్పుడు కొత్త సరుకేమీ కాదు. సహకార సంఘం గోదాములో, పురుగుమందుల కొట్టు అరల్లో, ఊళ్ళు తిరిగే కంపెనీ కుర్రాళ్ళ సంచుల్లో ఏదో ఒక పేరుతో అది కనిపిస్తూనే ఉంటుంది. రైతులు మాత్రం అన్నింటినీ కలిపి టానిక్కు అనే అంటారు. బెండ, వంగ, టమాటా, ఆనప వేసిన మా మెట్టలో ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో వారి సాగరిక అనే నాచు ద్రవాన్ని శీతకాలపు పంటలోనూ, ఆ తరువాత వేసవి పంటలోనూ వాడాను. వాడిన ప్రతిసారీ కొన్ని సాళ్ళను విడిచిపెట్టి, వాటిమీద అదే పూట ఉత్త నీళ్ళు పిచికారీ చేయించాను, ఎందుకంటే ఎండ రోజుల్లో ఆకు తడిస్తేనే మొక్క కాస్త తేరుకుంటుంది, ఆ మేలును కూడా సీసా ఖాతాలో వేయడం సరికాదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. నీటి ఎద్దడికి గురయ్యే వేసవి బెండకూ, నాటిన కొత్తలో టమాటాకూ ఇది పెట్టిన డబ్బుకు తగిన పని చేస్తుంది. పశువుల గెత్తమూ (పెంట ఎరువూ), అవసరమైన ఎరువులూ పడని మడిలో మాత్రం దీనికి పెట్టే ఖర్చు దండగే.

సీసాలో ఏముందో తెలిస్తే, దాని నుంచి ఏమి ఆశించాలో, ఏమి ఆశించకూడదో సగం తెలిసిపోతుంది. సాగరిక లేబులు మీద ఉన్నది 28 శాతం నాచు సారం. దీని వెనక ఉన్న విద్య గుజరాత్‌లోని భావనగర్‌లో పనిచేసే కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థది. కప్పాఫైకస్ అల్వరేజీ అనే ఎర్ర నాచును తమిళనాడులోని రామనాథపురం తీరంలో మత్స్యకార కుటుంబాలు, ముఖ్యంగా ఆడవారు, వెదురు తెప్పలకు ముక్కలుగా కట్టి పెంచుతారు. సుమారు 45 రోజులకు ఒక కోత వస్తుంది. పచ్చి నాచును నలిపి పిండితే వచ్చే రసం పంటలకు పోతుంది, మిగిలిన పిప్పి నుంచి ఐస్‌క్రీముల్లో చిక్కదనం కోసం వాడే కారగీనన్ తీస్తారు. విదేశీ పేర్లతో దొరికే చాలా సీసాల్లో ఉండేది వేరే జాతి. అది కెనడా, ఐర్లాండ్, నార్వే చల్లని తీరాల్లో రాళ్ళను పట్టుకుని పెరిగే అస్కోఫిల్లమ్ నోడోసమ్ అనే గోధుమ నాచు. దాని నుంచి సారాన్ని ఎక్కువగా పొటాషియం హైడ్రాక్సైడుతో వేడిచేసి తీస్తారు. నాచు జాతి వేరు, తీసే పద్ధతి వేరు, అందువల్ల లోపలి పదార్థాలూ వేరే. ఒక సీసా మీద వచ్చిన ఫలితాన్ని చూపించి మరో సీసాను అమ్మే అలవాటు మన కొట్టుల్లో బాగా ఉంది కాబట్టి, కొనేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది ఏ నాచు అన్నదే.

ఎరువు విలువ సంగతి లెక్క వేసి చూద్దాం. ఎకరాకు ఒక పిచికారీకి చెప్పిన మోతాదు 250 మిల్లీలీటర్లు. అందులో 28 శాతం సారమంటే, మొత్తం మీద 70, 80 గ్రాముల పదార్థం ఎకరమంతా పరుచుకుంటుంది. 45 కిలోల యూరియా బస్తా ఒక్కదానిలోనే 46 శాతం చొప్పున 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. ఆ నత్రజని చేసే పనిని ఈ గుప్పెడు గ్రాములు ఏ లెక్కన చూసినా చేయలేవు. మరి దీని పని ఎక్కడుంది? కప్పాఫైకస్ రసంలో ఆక్సిన్లు, సైటోకైనిన్లు, జిబ్బరెల్లిన్ వంటి పెరుగుదల హార్మోన్లు, కోలిన్, గ్లైసిన్ బీటైన్ వంటి పదార్థాలు ఉన్నాయని భావనగర్ శాస్త్రజ్ఞులు గుర్తించారు. గోధుమ నాచు సారంలో ఆల్జినేట్లు, లామినారిన్, ఫ్యుకోయిడాన్, మానిటాల్ ఉంటాయి. ఇవి మొక్కకు తిండి కాలేవు గాని, అతి తక్కువ మోతాదులోనే మొక్క లోపలి జన్యువుల పనితీరును కదిలిస్తాయి. వేళ్ళు ఎక్కువ పిల్లవేళ్ళు వేయడం, ఎద్దడిలో కణాలు తమ నీటిని నిలుపుకోవడం, రోగకారకాలను ఎదుర్కొనే రక్షణ వ్యవస్థ ముందే మేల్కోవడం వంటి మార్పులు పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ కనిపించాయి. నేలలో పోషకాలుంటే పెరిగిన వేరు వాటిని అందుకుంటుంది, లేకపోతే దానికి అందుకోవడానికి ఏమీ ఉండదు. మా ఎర్ర నేలల్లో సేంద్రియ కర్బనమూ, నత్రజనీ సహజంగానే తక్కువ గనుక ఈ మాట మన ప్రాంతానికి ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

ఇక మడిలో కనిపించిన సంగతి. బెండలో తేడా స్పష్టంగా తెలిసింది. మాఘమాసంలో విత్తిన బెండ చైత్రం నాటికి బోరు నీటి మీదే బతకాలి, మా వైపు విద్యుత్తు వేళలను బట్టి తడికీ తడికీ మధ్య ఎడం పెరుగుతుంది. మధ్యాహ్నం ఆకులు వాలిపోవడం రెండు రకాల సాళ్ళలోనూ ఉంది. నాచు కొట్టిన సాళ్ళలో మాత్రం సాయంత్రానికి ఆకు ముందుగా నిలబడింది. బెండ కోతకు వచ్చే ఆడవాళ్ళు కాయ కొనను బొటనవేలితో వంచి చూస్తారు, టప్పున విరిగితే లేత, వంగి నారతో వేలాడితే ముదురు. ఏ సాలుకు ఏమి కొట్టామో వారికి చెప్పలేదు. ఎన్నో ఏళ్ళుగా మాకు కోత కోస్తున్న పెద్దావిడ రెండో కోత నాడే, "ఈ సాళ్ళల్లో కాయ ముదరనేదు బాబూ, ఆ పక్కవే నార కట్టేసినాయి" అంది. విశాఖ మార్కెట్టుకు రాత్రి వ్యానులో వెళ్ళే బెండకు ఈ ఒక్క గుణం ధరలో కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడి దళారి కూడా అదే బొటనవేలి పరీక్ష చేస్తాడు. కాటా మీద కూడా తేడా ఉంది గాని, అది అమ్మేవాళ్ళు చెప్పే "దిగుబడి రెట్టింపు" దరిదాపుల్లోకి రాదు. కాపు చివరలో కోతలు కొంతకాలం ఎక్కువగా సాగడం వల్ల వచ్చిన లాభమే అందులో ఎక్కువ భాగం.

టమాటాలో దీని మేలు నాటే సమయంలో కనిపించింది. నారును పీకి, వేళ్ళను పలుచటి ద్రావణంలో కాసేపు ఉంచి నాటి, మొక్క నిలదొక్కుకున్నాక ఒక పిచికారీ ఇచ్చాను. ఆ సాళ్ళలో మొక్కలు ముందుగా కొత్త చిగురు తొడిగాయి, చచ్చిన మొక్కల స్థానంలో మళ్ళీ నాటవలసిన పని తగ్గింది. పూత దశలో మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోవద్దని చెబుతాను. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడని రోజుల్లో టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు, పూత రాలుతుంది; ఆ రాలుడును ఏ నాచూ పూర్తిగా ఆపలేదు. సంక్రాంతికి ముందు పిందె పట్టేలా నారు పోసుకోవడం ఇంతకంటే పెద్ద మందు.

వంగకూ ఆనపకూ ఎక్కువ చెప్పేదేమీ లేదు. పందిరి మీద, నీటికి లోటు లేకుండా ఉన్న ఆనపలో రెండు రకాల సాళ్ళకూ తేడా నాకు తెలియలేదు. ఇది సరుకు లోపమని నేను అనను, ఒత్తిడి లేని మొక్కకు ఒత్తిడిని తట్టుకునే సాయం అక్కరలేదు. వంగలో ఆకు పచ్చబడింది, కాయ తొలుచు పురుగు మాత్రం ఎప్పటిలాగే వచ్చింది. నాచు కొడితే పురుగు రాదనీ, బెండలో పల్లాకు తెగులు పోతుందనీ ఎవరైనా చెబితే నమ్మవద్దు. పల్లాకు తెగులును మోసేది తెల్లదోమ. దానికి తట్టుకునే రకాలు ఎంచుకోవడం, జిగురు అట్టలు పెట్టడం, రోగం వచ్చిన మొక్కను పీకి మడి బయట కాల్చడం వంటి పనులు వేరుగా చేసుకోవాలి.

మోతాదు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే చదువుకున్న రైతులు కూడా తడబడే చోటు ఇదే. ఎకరాకు 200 లీటర్ల నీటితో 250 మిల్లీలీటర్లు కొట్టాలంటే, 16 లీటర్ల ట్యాంకుకు 20 మిల్లీలీటర్లు సరిపోతుంది. అయితే పరిశోధన పత్రాల్లో 2.5 శాతం, 5 శాతం, 7.5 శాతం అని కనిపిస్తుంది. భావనగర్ వారు బెండ మీద చేసి 2008లో ప్రచురించిన పరీక్షలో మంచి ఫలితమిచ్చింది 2.5 శాతం ద్రావణమే. ఆ శాతాలు పచ్చి నాచును పిండిన రసానికి వర్తించేవి, కొట్టులో దొరికే చిక్కటి సారానికి వాటిని వర్తింపజేయకూడదు. ఎవరైనా ఆ అంకెను చూసి సీసాలోని ద్రవాన్ని 2.5 శాతం కలిపితే, 16 లీటర్ల ట్యాంకులో 400 మిల్లీలీటర్లు పడుతుంది. చెప్పిన మోతాదుకు అది 20 రెట్లు. డబ్బు పోవడం ఒక నష్టం, సముద్రపు లవణాలూ, హార్మోన్లూ మోతాదు మించి పడి పెరుగుదల ఆగిపోవడం రెండో నష్టం. నాచు సారాల విషయంలో కొంత మేర వరకే మేలు పెరుగుతుందనీ, ఆ పైన అది తగ్గిపోతుందనీ చాలా పరీక్షలు చూపిస్తున్నాయి.

ద్రవం ముదురు గోధుమ రంగులో, పలుచని బెల్లం పాకంలా ఉంటుంది. మూత తీయగానే రేవు దగ్గర ఎండిన నాచు వాసన వస్తుంది. ఏ నాచు ద్రావణమైనా నిలవ ఉంటే అడుగున మడ్డి చేరుతుంది కాబట్టి సీసాను బాగా కుదిపి, గుడ్డలో వడగట్టి ట్యాంకులో పోసుకుంటే నాజిలు పూడదు. ముందు సగం ట్యాంకు నీళ్ళు నింపి, ద్రవం పోసి, తరువాత మిగతా నీళ్ళు పోస్తే నురగ తగ్గుతుంది. రాగి మందులతోనూ, సున్నం కలిసిన బోర్డో మిశ్రమంతోనూ కలపకుండా ఉండటం మేలు. గోధుమ నాచు సారాల్లో కొన్ని క్షార స్వభావం కలవి గనుక వాటిని పురుగుమందుతో కలిపే ముందు గాజు సీసాలో కొద్దిగా కలిపి, విరిగినట్టు గడ్డ కడుతుందేమో చూసుకోవాలి. పొద్దున్నే గాని, ఎండ తగ్గాక గాని కొట్టాలి. నాటిన మూడు నాలుగు వారాలకు ఒకటి, పూతకు ముందు ఒకటి, పిందె దశలో ఒకటి చాలు. వారం వారం కొట్టినందువల్ల అదనంగా వచ్చిందేమీ నాకు కనిపించలేదు.

పోషక విలువల మాట ఇప్పుడు చాలా సీసాల మీద పెద్ద అక్షరాల్లో ఉంటోంది. ఇందులో నిజం కొంత ఉంది. కెనడాలోని నోవా స్కోషియాలో బాలకృష్ణన్ ప్రితివిరాజ్ తదితరులు అస్కోఫిల్లమ్ సారాన్ని పాలకూరకు ఇచ్చి, ఆకులో ఫినాలిక్ పదార్థాలూ, ఆక్సీకరణను అడ్డుకునే శక్తీ పెరిగాయని 2011లో ప్రచురించారు. ఆ పాలకూర సారాన్ని పరిశోధనశాలలో పెంచే సూక్ష్మ నులిపురుగులకు ఇస్తే అవి వేడినీ, ఆక్సీకరణ ఒత్తిడినీ మెరుగ్గా తట్టుకున్నాయని కూడా వారు చూపారు. ఆసక్తికరమైన పని అది, సందేహం లేదు. అయితే నులిపురుగుకు దక్కిన మేలు పాలకూర తిన్న మనిషికి అంతే దక్కుతుందని ఆ పరీక్ష చెప్పదు. భావనగర్ సంస్థ వారు టమాటా, బెండ మీద చేసిన పరీక్షల్లో దిగుబడితో పాటు కాయ నాణ్యతలోనూ మెరుగుదల నమోదైంది. ఆకుకూరల్లో ఫలితం ఎక్కువగా కనిపించడానికి కారణం ఊహించదగినదే. మనం పిచికారీ చేసేది ఆకు మీద, తినేదీ ఆకునే. కాయకూరల్లో రకం, కోత సమయం, నేలలోని పొటాష్ నాణ్యతను ఇంతకంటే ఎక్కువగా మారుస్తాయి. ఎక్కువ యూరియా పడి నీరు పట్టిన టమాటాకు నాచు కొట్టినంత మాత్రాన రుచి రాదు.

నేను ఇంటి వాడకానికి వేసిన తోటకూరలో ఆకు మందంగా, కోసిన తరువాత వాడిపోవడం కొంత ఆలస్యంగా కనిపించింది. విటమిన్లు ఎంత పెరిగాయో పొలంలో కొలిచే సాధనం రైతు దగ్గర లేదు గనుక ఆ విషయంలో నా మాటకు విలువ లేదు. వాడిపోకుండా ఉండటం మాత్రం శ్రీకాకుళం రైతు బజారులో పదకొండు గంటల దాకా కట్టలు పెట్టుకుని కూర్చునేవారికి పనికొచ్చే గుణం.

సరుకు కంటే ఎక్కువ చికాకు దాన్ని అమ్మే తీరులో ఉంది. ఖరీఫ్‌లో యూరియా కొరత వచ్చినప్పుడు మా వైపు ఒక కొట్టులో, పేరు అనవసరం, బస్తా అడిగితే పక్కనే ఒక నాచు సీసా కూడా బిల్లులో వేశారు. అక్కరలేదంటే, "ఇది తీసుకుంటేనే బస్తా మాస్టారూ, పైనుంచి మాకూ ఇలాగే వస్తన్నాయి" అన్నాడు కొట్టతను. సబ్సిడీ ఎరువులతో బయోస్టిమ్యులెంట్లను, అంటే నాచు ద్రావణం వంటి పెరుగుదల ప్రేరకాలను, బలవంతంగా అంటగట్టడాన్ని ఆపాలని కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ 2025 జులైలో అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ లేఖ రాశారు. అంటే ఇది మా ఒక్క ఊరి బాధ కాదు. అలా అంటగట్టిన సీసా, సాగరిక కాదు, వేరే ఏదో పేరుది, వాడి చూస్తే వంగ మొక్కలు కొద్ది రోజుల్లోనే కణుపుల మధ్య సాగిపోయి పీలగా పెరిగాయి. నాచు సారం అంత దూకుడుగా పనిచేయదు, అందులో వేరే ఏదో కలిపి ఉండాలని నా అనుమానం. లేబులు మీద నాచు ఎంత శాతమో లేదు, ఏ నాచో లేదు, తయారైన తేదీ చెరిగిపోయి ఉంది.

ఇటువంటి సరుకును అదుపు చేయడానికే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వును 2021 ఫిబ్రవరిలో సవరించి, బయోస్టిమ్యులెంట్లను మొదటిసారి అందులోకి తెచ్చారు. పోషకాలెన్ని ఉన్నాయన్న దానితో సంబంధం లేకుండా మొక్క జీవక్రియలను ప్రేరేపించి, పోషకాలను అందుకునే శక్తినీ, ఒత్తిడిని తట్టుకునే గుణాన్నీ పెంచేవాటినే ఆ ఉత్తర్వు బయోస్టిమ్యులెంట్లుగా గుర్తిస్తుంది. 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి వచ్చే పురుగుమందులకూ, పెరుగుదల నియంత్రకాలకూ అందులో చోటు లేదు. పురుగుమందు అవశేషం 0.01 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.01 భాగం) దాటకూడదు. ఒకప్పుడు ఇటువంటి ఉత్పత్తులు 30,000 దాకా అడ్డూ అదుపూ లేకుండా అమ్ముడయ్యేవనీ, తనిఖీల తరువాత సుమారు 650 మాత్రమే మిగిలాయనీ 2025 జులైలోనే కేంద్ర మంత్రి చౌహాన్ చెప్పారు. అనుమతి కూడా పదార్థాల కూర్పునూ, పంటనూ, మోతాదునూ పేర్కొంటూ వస్తుంది. అందుచేత టమాటాకు అనుమతి ఉన్న సీసాను చూపించి "అన్ని పంటలకూ అమృతం" అనేవారి దగ్గర లేబులు చదివి వినిపించమని అడగడంలో తప్పు లేదు. బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించుకోవడం మరువకూడదు. రేపు వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్ళవలసి వస్తే చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

కొందరు మిత్రులు భీమిలి వైపు రాళ్ళ మీద దొరికే నాచును తెచ్చి, డ్రమ్ములో మురగబెట్టి కొట్టవచ్చు కదా అని అడుగుతున్నారు. విశాఖ, భీమిలి రాతి తీరంలో ఉల్వా, సర్గాసమ్, గ్రాసిలేరియా వంటి నాచులు ఉన్న మాట నిజమే. ఉప్పు పోయేలా మంచినీటితో బాగా కడిగి, కంపోస్టు గుంతలో పశువుల గెత్తంతో కలిపి మాగబెడితే నేలకు మంచిదే. ఆకు మీద పిచికారీకి మాత్రం నేను సిఫారసు చేయను. అందులో లవణం ఎంత మిగిలిందో, హార్మోన్లు ఏ మోతాదులో ఉన్నాయో, కాలువల ద్వారా సముద్రంలో కలిసిన లోహాలు ఎంత చేరాయో ఇంట్లో కొలవలేము. తీరం వెంబడి పూసపాటిరేగ, భోగాపురం ప్రాంతాల్లో ఇప్పటికే ఉప్పదనం ఉన్న బోరు నీళ్ళతో కూరగాయలు తడుపుతున్నవారు ఆ జోలికి అసలే వెళ్ళకూడదు. లేబులు సరిగా ఉన్న సారం సంగతి వేరు. ఉప్పు ఒత్తిడిలో నాచు సారాలు మొక్కకు సాయపడినట్టు పరీక్షలున్నాయి, నీరు ఉప్పదనం ఉన్న మడిలో కొన్ని సాళ్ళలో వాడి చూడటానికి అది తగిన కారణమే.

ఖర్చు దగ్గరికి వస్తే, ఒక ఎకరానికి ఒక పిచికారీకి పట్టే మందు ధర, దాన్ని కొట్టే మనిషి ఒక రోజు కూలి కంటే తక్కువే. కాబట్టి దీనికోసమే ప్రత్యేకంగా మనిషిని పెట్టించడం కంటే, కలపడానికి వీలున్న మరో పిచికారీతో కలిపి కొట్టుకుంటే లెక్క కుదురుతుంది. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి ముందుగా మట్టి పరీక్ష చేయించుకుని, పొటాష్, జింకు లోటు ఉంటే ఆ డబ్బు మొదట వాటికి పెట్టాలి. మిగిలితే పావు లీటరు, అర లీటరు సీసా కొని సగం మడికి వాడి, మిగతా సగానికి ఉత్త నీళ్ళు కొట్టి, రెండింటి కాయనూ వేరువేరు గంపల్లో కాటా వేయాలి. వచ్చే వేసవికి నేను బెండకూ, టమాటా నారుకూ మాత్రమే సాగరిక కొంటాను. ఆనపకు ఆ డబ్బుతో పందిరి తాళ్ళు మార్పించాలి.